అదే మందు, అదే మోతాదు, వేరే బోను

ఏ మందైనా వాడగా వాడగా ఒంటికి అలవాటైపోతుందని, మోతాదు పెంచితే తప్ప మునుపటిలా పట్టదని సాధారణంగా అనుకుంటారు. నల్లమందుకైనా నిద్రమాత్రలకైనా ఈ మాట చాలావరకు సరిపోతుంది. ఆంఫెటమిన్, కొకైన్ వంటి ఉత్తేజక మందుల దగ్గర మాత్రం ఎలుకలు దీనికి తలకిందులుగా నడుచుకుంటాయి. కొంత ఎడం ఇస్తూ ఒకే మోతాదు మళ్లీ మళ్లీ వేస్తూ పోతే, మొదటి సూదికి బోనులో కాసేపు అటూ ఇటూ తిరిగిన ఎలుక తర్వాతి సూదులకు పరుగులు పెడుతుంది. మోతాదు మరీ ఎక్కువైతే పరుగు మాని ఒకేచోట నిలబడి, తల ఆడిస్తూ, నేలను వాసన చూస్తూ చాలాసేపు అదే పనిగా ఉండిపోతుంది. మందు పదేపదే పడేకొద్దీ దాని ప్రభావం ఇలా పెరగడాన్నే ప్రవర్తనా సెన్సిటైజేషన్ అంటారు. మందు ఆపేసినంత మాత్రాన ఇది పోదు. ఆంఫెటమిన్ ఆపిన ఏడాది తర్వాత మళ్లీ ఇచ్చి చూసినా ఆ తేడా అలాగే ఉందని 1991లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. రెండు మూడేళ్లు బతికే జంతువుకు ఏడాదంటే మూడో వంతు నుంచి సగం జీవితం.

కొకైన్‌తో ఈ సంగతిని 1930ల నాటికే గమనించారు. కానీ దానికి నిజమైన ప్రాముఖ్యం వచ్చింది 1993లో, మిషిగన్‌కే చెందిన టెరీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చాక. వ్యసనం ముదిరేకొద్దీ పెరిగేది మందు ఇచ్చే హాయి కాదని, మందు కోసం కలిగే తహతహ అని వారు వాదించారు. హాయి తగ్గినా తహతహ పెరుగుతూ పోవచ్చు, ఎందుకంటే రెండింటికీ మెదడులో దారులు వేరు. సెన్సిటైజ్ అయ్యేది తహతహ దారి. ఎలుక పరుగును కొలవడం ఆ దారిలో జరుగుతున్న మార్పును పట్టుకోవడానికి సులువైన ఉపాయం. ఉపాయమే గాని, పరుగూ తహతహా ఒకటి కావు. ఈ తేడాను మరిచిపోతే ముందు ముందు తికమక తప్పదు.

మందు ఏది, మోతాదు ఎంత, ఎన్నిసార్లు ఇచ్చారు? మందుల శాస్త్రం లెక్క ప్రకారం ఈ మూడింటితో ఫలితం తేలిపోవాలి. తేలలేదు. ఎక్కడ ఇచ్చారన్న నాలుగో ప్రశ్న మిగతా మూడింటినీ తారుమారు చేయగలదని 1990లలో వరసగా బయటపడింది. పైగా చోటు చేసే పని ఒకటి కాదు, రెండు. సెన్సిటైజేషన్ పుట్టాలా వద్దా అన్న దగ్గర ఒకసారి, పుట్టినది పైకి కనిపించాలా వద్దా అన్న దగ్గర మరోసారి అది అడ్డుపడుతుంది లేదా దారి ఇస్తుంది. పరిసరాలు, వ్యసనం గురించి జరిగే చర్చల్లో గందరగోళం చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చిందే.

మొదటి దాన్ని తేటగా చూపించిన ప్రయోగం 1995లో ఆల్డో బదియాని, స్టీఫన్ అనగ్నోస్టరాస్, రాబిన్సన్ చేసినది. ఎలుకలను రెండు జట్లు చేశారు. ఏ బోనులో పరీక్ష జరుగుతుందో ఆ బోనులోనే ఒక జట్టు కాపురం ఉంటుంది. తిండి అక్కడే, నిద్ర అక్కడే. రెండో జట్టు జంతుశాలలోని వేరే బోనుల్లో ఉంటుంది. సూది వేసే రోజున మాత్రం వాటిని పరీక్ష బోనుకు తెచ్చి, పని కాగానే వెనక్కి తీసుకుపోతారు. పరీక్ష బోనులు రెండు జట్లకూ అచ్చంగా ఒకటే. ఒక జట్టుకు అది ఇల్లు, ఇంకో జట్టుకు తీసుకొచ్చి దింపిన చోటు, తేడా అంతే. చూడడానికి ఎంత సాదాగా ఉన్నా ఈ ఏర్పాటులో తెలివి ఉంది. బోను పెద్దదా చిన్నదా, వెలుతురు ఎంత, నేల ఎలాంటిది అన్న సందేహాలన్నీ ఒక్క దెబ్బకు పోయి, ఆ చోటికీ ఎలుకకూ ఉన్న సంబంధం ఒక్కటే మిగిలింది.

ఈ పరిశోధనల్లో వాడిన కొలత కూడా గమనించదగ్గది. ఎలుక మెదడులో ఒక పక్కన ఉన్న డోపమైన్ నరకణాలను (డోపమైన్ అనే రసాయనంతో సందేశాలు పంపే కణాలను) ముందే ఒక రసాయనంతో నాశనం చేసి ఉంచుతారు. అలాంటి ఎలుకకు ఆంఫెటమిన్ ఇస్తే డోపమైన్ రెండో పక్కనే విడుదలవుతుంది కాబట్టి, అది దెబ్బతిన్న పక్కకు ఒరుగుతూ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే సరిపోతుంది. ఎలుక హుషారుగా ఉందా, మామూలుగా ఉందా అన్నది చూసేవారి అంచనాకు వదిలేయనక్కర్లేదు.

ఫలితం: తీసుకొచ్చి దింపిన ఎలుకలు మొదటి సూదికే ఎక్కువ చుట్లు తిరిగాయి, ఆపైన ప్రతి సూదికీ ఆ లెక్క పెరుగుతూ పోయిన వేగమూ వాటిలోనే ఎక్కువ. ఇంట్లో ఉన్న ఎలుకల్లో సెన్సిటైజేషన్ రాకపోలేదు గాని, పలచగా వచ్చింది.

దీనిపై ఒక అభ్యంతరం ఉంది, అది సరైనదే. ఇంట్లో ఉన్న ఎలుకకైనా సూది వేయాలంటే ఎవరో తలుపు తీయాలి, చేత్తో పట్టుకోవాలి, పొడవాలి. కొద్దిరోజుల్లోనే ఆ చెయ్యి కనపడగానే ఏం జరగబోతోందో ఎలుకకు తెలిసిపోతుంది. అందుకే 1996లో హన్స్ క్రోంబాగ్, బదియాని, రాబిన్సన్ ఆ చేతిని కూడా తీసేశారు. ఎలుక రక్తనాళంలోకి ముందే సన్నని గొట్టం అమర్చి, దూరం నుంచి నడిచే పంపుతో మందు పంపారు. ఎవరూ రారు, ఏదీ కదలదు. ఎలుక తన మానాన తాను ఉండగా మందు లోపలికి వెళ్లిపోతుంది. శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లిన ఆంఫెటమిన్, ఇంట్లో ఉన్న ఎలుకల్లో సెన్సిటైజేషన్ కలిగించలేకపోయింది. అదే మోతాదు, అదే గొట్టం ద్వారా, కొత్త చోటికి తెచ్చాక ఇస్తే గట్టిగా కలిగించింది. కొకైన్‌తో 1998లో చేసిన పరిశీలనలో దీనికి ఒక హద్దు కూడా తెలిసింది. మోతాదు బాగా పెంచితే ఇంట్లో ఉన్న ఎలుకా సెన్సిటైజ్ అవుతుంది. కాబట్టి చోటు మందు పనిని పూర్తిగా ఆపలేదు. ఎంత మోతాదు నుంచి ఆ పని మొదలవుతుందో మాత్రం అది మార్చగలదు.

ఎందుకిలా? చటుక్కున తోచే సమాధానాలు రెండు. కొత్త చోటు ఎలుకకు ఒత్తిడి కలిగిస్తుంది, ఒత్తిడి హార్మోన్లు మందుకు తోడవుతాయి అన్నది ఒకటి. కానీ ఆ హార్మోన్లను తయారుచేసే అడ్రినల్ గ్రంథులను తీసేసిన ఎలుకల్లోనూ సెన్సిటైజేషన్ వచ్చింది, కాబట్టి హార్మోన్ల మీదే నెపం వేయడం కుదరదు. రెండోది, కొత్త చోట మందు ఎక్కువ డోపమైన్‌ను విడుదల చేస్తుందేమో అన్నది. వినడానికి ఇదే బాగుంటుంది, పాఠ్యపుస్తకానికీ ఇదే సరిపోతుంది. 2000లో బదియాని, రాబిన్సన్ బృందం ఎలుకల మెదడులో, స్ట్రయేటమ్ అనే భాగంలో, ఆంఫెటమిన్ వల్ల కణాల వెలుపల చేరే డోపమైన్‌ను నేరుగా కొలిచింది. ఇంట్లోనూ కొత్త చోటా అది ఒకే తీరుగా ఉంది. ప్రవర్తనలో అంత తేడా ఉన్నా డోపమైన్‌లో ఆ తేడా లేదు. ప్రతిదాన్నీ డోపమైన్ ఖాతాలో వేసే అలవాటున్న వార్తా కథనాలకు ఈ ఫలితం ఎప్పుడూ కనబడినట్టు లేదు.

తేడా కనిపించింది డోపమైన్‌ను అందుకునే కణాల దగ్గర. స్ట్రయేటమ్‌లోని నరకణాలు ప్రధానంగా రెండు రకాలు. ఒక రకం మీద డి1 గ్రాహకాలు, రెండో రకం మీద డి2 గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. స్థూలంగా చెబితే మొదటిది కదలికను ముందుకు తోసే దారి, రెండోది పట్టి ఆపే దారి. ఏ కణాలు ఇటీవల గట్టిగా పనిచేశాయో సి-ఫోస్ అనే జన్యువు చెబుతుంది, ఎందుకంటే అది అలాంటి కణాల్లోనే కొద్దిసేపు మేలుకుంటుంది. ఇంట్లో ఆంఫెటమిన్ తీసుకున్న ఎలుకల్లో సి-ఫోస్ చాలావరకు డి1 కణాల్లోనే కనిపించింది. కొత్త చోట తీసుకున్నవాటిలో డి1, డి2 రెండు రకాల్లోనూ కనిపించింది. అంటే మందు ఒకటే అయినా, చోటును బట్టి మెదడులో వేర్వేరు కణాల సమూహాలు లేస్తున్నాయి. ఆ కణాలు ఒకేసారి చోటు గురించిన సమాచారాన్నీ మందు ప్రభావాన్నీ అందుకుంటాయి కాబట్టి, శాశ్వతమైన మార్పుకు పునాది అక్కడే పడుతుందన్నది బలమైన ఊహ. కొత్త చోట కొకైన్ పొంది సెన్సిటైజ్ అయిన ఎలుకల్లో స్ట్రయేటమ్ కిందిభాగమైన న్యూక్లియస్ అకంబెన్స్ మధ్యభాగపు కణాల కొమ్మలపై, ఇతర కణాల సందేశాలు అందుకునే ముళ్లవంటి మొలకలు పెరగడాన్ని 2004లో రాబిన్సన్ ప్రయోగశాల చూపించడం ఈ ఊహకు మద్దతిచ్చింది.

చోటు చేసే రెండో పని మరింత విచిత్రమైనది. 1996లో అనగ్నోస్టరాస్, రాబిన్సన్ ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టుకు పరీక్ష బోనులో ఆంఫెటమిన్, నివాసపు బోనులో మందు లేని ఉత్త ఉప్పునీరు ఇచ్చారు. రెండో జట్టుకు సరిగ్గా తిరగేసి ఇచ్చారు: పరీక్ష బోనులో ఉప్పునీరు, నివాసపు బోనులో ఆంఫెటమిన్. రెండు జట్లూ పొందిన మందు మొత్తం సమానం. చివర్లో అన్నిటికీ పరీక్ష బోనులోనే ఆంఫెటమిన్ ఇచ్చి చూస్తే, మొదటి జట్టు రెచ్చిపోయింది. రెండో జట్టు మాత్రం జీవితంలో మొదటిసారి ఆ మందు చూసిన ఎలుకల్లాగే ప్రవర్తించింది.

దీనికి ఎక్కువమంది చెప్పే వివరణ పావ్లోవ్ కుక్కల తరహాది. గంట మోగితే కుక్కకు నోరూరినట్టు, మందు దొరికే బోను కనిపించగానే ఎలుకకు పరుగు వస్తుంది; ఆ పరుగు మందు వల్ల వచ్చే పరుగుకు కలిసి మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మొదటి జట్టుకు పరీక్ష బోనులో ఉత్త ఉప్పునీరు ఇచ్చినా మిగతావాటికన్నా ఎక్కువ కదులుతాయి. అయితే ఈ కూడిక లెక్క చివరిదాకా నిలవదు. మందు లేకుండా ఆ బోనుకు పదేపదే తెచ్చి ఆ నేర్చుకున్న పరుగును పూర్తిగా మరిపించాక కూడా, మళ్లీ మందు ఇస్తే సెన్సిటైజేషన్ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. కూడికలో ఒక అంకె సున్నా అయ్యాక కూడా మొత్తం తగ్గలేదంటే అది కూడిక కాదన్నమాట.

అనగ్నోస్టరాస్, టిమొతీ షాలర్ట్, రాబిన్సన్ 2002లో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. జ్ఞాపకాలను చెదరగొట్టే విద్యుత్ షాక్ ఇచ్చి చూశారు. చోటు గురించిన జ్ఞాపకమే సెన్సిటైజేషన్‌ను మోస్తుంటే, షాక్ తర్వాత అది పోవాలి. జరిగింది వేరు. అంతకుముందు పరీక్ష బోనులో కొత్త ఎలుకల్లా ప్రవర్తించిన రెండో జట్టు, షాక్ తర్వాత అదే బోనులో సెన్సిటైజేషన్ చూపించింది! వాటి మెదడు మొదటినుంచీ మారిపోయే ఉంది. ఇక్కడ మందు రాదు అన్న నేర్చుకున్న జ్ఞాపకం ఆ మార్పును నొక్కిపట్టింది. జ్ఞాపకం చెదరగానే అది పైకి వచ్చింది. ఈ రంగంలో వచ్చిన వందల పరిశోధనల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద విషయం తేల్చినవి అరుదు. పైకి కనిపించనంత మాత్రాన సెన్సిటైజేషన్ లేదనుకోకూడదని దీనితో రుజువైంది. చూడాల్సిన చోట చూడకపోవడమూ ఆ కనిపించకపోవడానికి కారణం కావచ్చు.

మందు పుట్టించే మార్పూ చోటుతో వచ్చే నేర్పూ మెదడులో విడివిడిగా ఉండగలవని కెనడాలోని మాంట్రియల్‌లో జేన్ స్టీవర్ట్, పాల్ వెజీనా అంతకుముందే మరో దారిలో చూపించారు. డోపమైన్ నరకణాల మూలస్థానంలోకి నేరుగా ఆంఫెటమిన్ పంపితే సెన్సిటైజేషన్ వచ్చింది, చోటుతో ముడి మాత్రం పడలేదు.

ఆ ముడి ఎన్ని కణాల్లో ఉంటుందన్న ప్రశ్నకు 2009లో బాల్టిమోర్‌లోని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ నుంచి ఎయిసుకే కోయా, బ్రూస్ హోప్ బృందం ఇచ్చిన సమాధానం ఆశ్చర్యపరుస్తుంది. సి-ఫోస్ మేలుకున్న కణాల్లో మాత్రమే ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ తయారయ్యేలా జన్యుమార్పిడి చేసిన ఎలుకలను వారు వాడారు. డాన్02 అనే పదార్థం మామూలుగా హాని చేయదు. ఆ ఎంజైమ్ ఉన్న కణంలో మాత్రం కణాన్ని పనిచేయనివ్వని మందుగా మారిపోతుంది. కొకైన్ అలవాటైన బోనులో ఎలుకకు కొకైన్ ఇచ్చి, కాసేపటికి న్యూక్లియస్ అకంబెన్స్‌లోకి డాన్02 పంపితే, అప్పుడు లేచిన కణాలు మాత్రమే దెబ్బతింటాయి. అలా దెబ్బతిన్నవి అక్కడి కణాల్లో నూటికి రెండు మూడే. అయినా తర్వాత పరీక్షించినప్పుడు ఆ బోనులో సెన్సిటైజేషన్ బాగా తగ్గిపోయింది. ఇదే పని మందుతో సంబంధం లేని వేరే చోట కొకైన్ ఇచ్చి చేస్తే అప్పుడు లేచేవి వేరే కణాలు, అందువల్ల అసలు సెన్సిటైజేషన్‌కు ఏమీ కాలేదు. ఫలానా చోటు, ఫలానా మందు కలిసి ఫలానా కొద్ది కణాల గుంపులో నమోదవుతున్నాయి.

ఇంతవరకు చోటు అంటే మందు ఇచ్చే స్థలం. పెరిగే వాతావరణం సంగతి వేరు. పెద్ద బోను, తోటి ఎలుకలు, తరచు మార్చే ఆటవస్తువులు ఉన్నచోట పెంచిన ఎలుకల్లో ఆంఫెటమిన్ సెన్సిటైజేషన్ తగ్గుతుందని 1995లో కెంటకీ విశ్వవిద్యాలయంలో మైకేల్ బార్డో బృందం ప్రకటించింది. ఫ్రాన్స్‌లోని పొయితియేలో మార్సెలో సొలినాస్ 2008లో అంతకన్నా ముందుకు వెళ్లి, కొకైన్ పుట్టించిన సెన్సిటైజేషన్‌ను కూడా చిట్టెలుకల్లో 30 రోజుల సుసంపన్న వాతావరణం తుడిచేయగలదని చూపించాడు. ఈ ఫలితం విని సంబరపడేవారు అదే బృందం తర్వాత కనుగొన్నదాన్ని కూడా చూడాలి: అలాంటి బోనులో పెరిగిన చిట్టెలుకలను తెచ్చి ఉత్త బోనులో పెడితే, ఆ రక్షణ పోవడమే కాదు, కొకైన్‌కు మరింత లొంగిపోయాయి. ఇక సామాజిక మాధ్యమాల్లో ఏటా ఒకసారైనా చక్కర్లు కొట్టే 'రాట్ పార్క్' కథ, అంటే 1970ల చివర కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ చేసిన ప్రయోగం, మార్ఫిన్ కలిపిన నీటి గురించినది: విశాలమైన చోట తోటి ఎలుకలతో ఉన్నవి, బోనుల్లో ఒంటరిగా ఉన్నవాటికన్నా ఆ నీరు తక్కువ తాగాయన్నది అందులోని మాట. ఉత్తేజక మందుల వాదనకు దాన్ని సాక్ష్యంగా తేవడం అతకదు.

ఎందుకు అతకదో బదియాని ఇటలీ వెళ్లాక రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయంలో డానియెలె కప్రియోలితో కలిసి చేసిన పని చెబుతుంది. ఈసారి ఎలుకలే మీట నొక్కి మందు తీసుకుంటాయి. కొకైన్‌ను ఇంట్లో ఉన్న ఎలుకల కన్నా బయటినుంచి తెచ్చినవి ఎక్కువ తీసుకున్నాయి. హెరాయిన్‌ను ఇంట్లో ఉన్నవే ఎక్కువ తీసుకున్నాయి. రెండూ ఎదురుగా పెట్టి ఎంచుకోమన్నా మొగ్గు అదే. రోమ్‌లో రెండు మందులూ వాడిన మనుషులను అడిగితే, హెరాయిన్ ఎక్కువగా ఇంట్లో, కొకైన్ ఎక్కువగా ఇంటి బయట అని చెప్పారు. చక్కగా కుదిరిన ఈ బొమ్మలో ఒక మెలిక ఉంది. మార్ఫిన్ వంటి మందులు ఎలుకలో కలిగించే కదలికల సెన్సిటైజేషన్ మాత్రం, ఆంఫెటమిన్ లాగే, కొత్త చోటనే ఎక్కువ. అంటే నల్లమందు జాతి మందుల దగ్గర ఎక్కువ పరుగెత్తించే చోటు ఒకటి, ఎక్కువ తీసుకోనిచ్చే చోటు మరొకటి. పరుగును తహతహకు కొలబద్దగా వాడేవారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

చోటు ప్రభావం ప్రాణాల మీదికి తెచ్చేది కూడా నల్లమందు జాతి దగ్గరే, అదీ అలవాటు పడడం అనే వ్యతిరేక దిశలో. 1982లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో షెపర్డ్ సీగెల్ ఎలుకలకు హెరాయిన్ అలవాటు చేసి, చివరికి పెద్ద మోతాదు ఇచ్చాడు. అలవాటైన గదిలో ఇస్తే 32 శాతం చచ్చిపోయాయి, వేరే గదిలో ఇస్తే 64 శాతం. ముందెన్నడూ హెరాయిన్ ఎరగనివి 96 శాతం.

ఇవన్నీ తెలిశాక కూడా పరిశోధనా పత్రాల్లో పద్ధతుల భాగాన్ని గబగబా దాటేయడం మానలేదు. ఎలుకను పరీక్ష బోనులో ఎంతసేపు ఉంచాక సూది వేశారు, ఎక్కడి నుంచి తెచ్చారు, రోజూ ఒకే మనిషి పట్టుకున్నారా అన్నవి అక్కడే ఒక వాక్యంలో ఉంటాయి, లేదా ఉండవు. 1999లో జాన్ క్రాబ్, డగ్లస్ వాల్‌స్టన్, బ్రూస్ డుడెక్ మూడు ఊళ్లలో (పోర్ట్‌లాండ్, ఎడ్మంటన్, ఆల్బనీ) 8 రకాల చిట్టెలుకలతో 6 పరీక్షలు చేశారు, అందులో కొకైన్ ఇచ్చి కదలిక కొలవడం ఒకటి. పరికరాలు, తిండి, వయసు, రోజు కూడా ఒకేలా ఉండేట్టు శ్రమపడ్డారు. అయినా కొన్ని ఫలితాలు ఊరిని బట్టి మారాయి. ఎడ్మంటన్‌లో ప్రయోగం చేసిన వ్యక్తికి ఎలుకలంటే ఎలర్జీ ఉండి ముఖానికి శ్వాసపరికరం తగిలించుకుని పనిచేయడం కూడా ఒక కారణమేమో అన్న మాట అప్పట్లో వినిపించింది. ఎలుక వైపు నుంచి చూస్తే అది నవ్వులాట కాదు. రోజూ తనను పట్టుకునే మనిషి ముఖం కూడా చోటులో భాగమే.

మనుషుల్లో ఈ లెక్క ఇంకా తేలలేదు గాని, తేలకపోవడానికి ఒక కారణం ఎలుకల బోనుల్లోనే కనిపిస్తుంది. మాంట్రియల్‌లో ఇసబెల్ బోయిలో, మార్కో లేటన్ తదితరులు 2006లో ఆరోగ్యవంతులైన పురుషులకు 3 సార్లు ఆంఫెటమిన్ ఇచ్చి మెదడు స్కాన్ చేస్తే, ఏడాది తర్వాత కూడా అదే మోతాదుకు డోపమైన్ విడుదల మునుపటికన్నా ఎక్కువగా ఉంది. ఎలుకల్లో చూసినదే ఇది. కానీ 1997లో నోరా వోల్కోవ్ బృందం కొకైన్ వ్యసనం ఉండి మానేసినవారిని స్కానర్‌లో పడుకోబెట్టి మరో ఉత్తేజక మందు ఇస్తే, డోపమైన్ విడుదల మామూలువారికన్నా తక్కువగా వచ్చింది. సెన్సిటైజేషన్ సిద్ధాంతం తప్పు అనడానికి ఈ ఫలితాన్ని చాలాకాలం వాడారు. ఆస్పత్రి గది, తెల్ల కోటు, చేతికి గుచ్చిన సూది: ఆ మనుషులు ఎన్నడూ కొకైన్ తీసుకోని చోటు అది. 2009లో మాంట్రియల్ బృందమే, వ్యసనపరులు కాని కొకైన్ వాడకందార్లను తీసుకుని, వారికి అలవాటైన సరంజామాతో, వారి చేత్తోనే, స్కాన్ వేళ కొకైన్ పీల్చనిచ్చింది. అప్పుడు ఎవరు జీవితంలో ఎక్కువసార్లు ఉత్తేజక మందులు వాడారో వారి మెదడులోనే డోపమైన్ ఎక్కువగా విడుదలైంది.